కొంగుముడిలో మాత్రలు

పోయిన వారం మనం రవళిని పటాన్‌చెరులో, ఒక ప్రైవేటు ఆస్పత్రి రెండో అంతస్తు వార్డులో, కిటికీ పక్క మంచం మీద వదిలి వచ్చాం. ఆమె అక్కడికి ఎలా చేరిందో ఒకసారి గుర్తు చేసుకుని ముందుకు పోదాం.

కొండాపూర్ మండలంలోని వాళ్ల ఊళ్లో బోనాల పండుగ. ఊరి మొదటి బోనం ఎత్తే హక్కు తరతరాలుగా చిన్నరాములు ఇంటిది. ఆ ఇంటి కోడలు రవళి, బోనం నెత్తిన పెట్టుకుని బయల్దేరి, గుడి మలుపు తిరగకముందే ఆగిపోయింది. కుండ జారి పగిలింది. కుడి చెయ్యి ఎగిరెగిరి పడసాగింది. కళ్లు తేలిపోయాయి. అమ్మవారు పూనిందనుకుంది ఊరంతా. అక్కడ దాన్ని శిగం అంటారు. డప్పులు జోరందుకున్నాయి. కాళ్ల మీద పసుపునీళ్లు పోశారు. ఎగిరే చేతికి వేపకొమ్మ అందించారు. "ఏం లోపం చేసినం తల్లీ, చెప్పు" అని సాగిలపడ్డారు. ఆమెకు వచ్చింది శిగం కాదు మూర్ఛ అని, మెదడులో రక్తం గడ్డకట్టిందని తెలిసేసరికి పొద్దు వాలిపోయింది. ఈ మాట రాస్తుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతోంది. ఎవరి మీద మండాలో తెలియక మరీ మండుతోంది.

అప్పటినుంచి రవళి కుడి చెయ్యీ కుడి కాలూ ఆమె మాట వినడం లేదు. నోట్లో మిగిలింది కూడా ఒకే ఒక్క మాట. బోనంతో గుంపులోంచి దారి చేసుకుంటూ ఆఖరిసారి అన్న మాట.

"జరుగుండ్రి."

ఆకలేసినా అదే. దాహం వేసినా అదే. భర్త దశరథ్ చెయ్యి పట్టుకుని పేరు పెట్టి పిలిచినా అదే. ఇంతవరకైతే జాలిపడి ఊరుకోవచ్చు. కానీ ఆమె ఆ మాట అనేటప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లను చూడదు. ఎడమ పక్క గోడ మూలకేసి చూస్తుంది. ఆ మూలలో ఒక స్టూలు, చెత్తబుట్ట తప్ప ఏమీ లేవు. వాటిని చూసి ఎవరైనా దారి ఇమ్మని అడుగుతారా? పక్క మంచం తాలూకు వాళ్లు ఆ మూలన పెట్టుకున్న తమ సంచులను మెల్లగా ఇవతలికి లాక్కున్నారు. ఊడ్చే ఆమె అక్కడివరకూ వచ్చి చీపురు తిప్పేసుకుని పోతోంది. నర్సు శ్రీదివ్య చదువుకున్న పిల్ల, ఇలాంటివి నమ్మనంటుంది. అయినా సెలైన్ స్టాండును ఎప్పుడూ ఆ మూలకు దూరంగానే పెడుతుంది.

మళ్లీ ఆదివారం వచ్చింది.

కంపెనీ బస్సులు లేక హైవే కొంచెం బోసిగా ఉంది. గాలికి మాత్రం సెలవు లేదు. ఫ్యాక్టరీల పుల్లటి మందు వాసన కిటికీలోంచి రోజూ వచ్చినట్టే వస్తోంది. రవళి ఆ వాసనలోనే పనిచేసేది. మందుల కంపెనీ ప్యాకింగు సెక్షనులో, షిఫ్టంతా నిలబడి, మాత్రల అట్టలను డబ్బాల్లో సర్దే పని. ఎవరెవరి జబ్బులకో మందులు సర్దిన చెయ్యి ఇప్పుడు దుప్పటి మీద అరచెయ్యి పైకి తిరిగి ఊరికే పడి ఉంది.

మంచం పక్కన ముత్యమ్మ కూర్చుని ఉంది. దశరథ్ తల్లి, రవళికి అత్త. బీరంగూడలో కొడుకూ కోడలూ ఉండే కిరాయి ఇంట్లో వేకువనే లేచి జావ కాచి, ఫ్లాస్కులో పోసుకుని, ఆటో ఎక్కి వస్తుంది. కోడలి తల దువ్వుతుంది. ఒళ్లు తుడుస్తుంది. నర్సులు కూడా ముట్టుకోవడానికి వెనకాడే బట్టలు ఉతుకుతుంది. ఈ వార్డులో అత్తగారంటే ఇలా ఉండాలని ముత్యమ్మను చూపించి చెప్పుకుంటున్నారు. నేనూ అదే అంటాను. కాసేపట్లో మీరు ఆమెను తిట్టుకోబోతున్నారు. అప్పుడు కూడా ఈ ముక్క మరిచిపోకండి.

ఆ రోజు ముత్యమ్మ ప్రాణం ఊరి మీద ఉంది. పోయినసారి నడిదారిలో పగిలిన బోనం మళ్లీ ఎత్తాలని ఊరి పెద్దలు తేల్చారు. కోడలు మంచాన పడింది కాబట్టి ఇంటి ఆడబిడ్డ మహిత ఎత్తాలి. బీరంగూడలోనే అత్తవారింట్లో ఉండే మహిత నిన్ననే తల్లిగారింటికి చేరి ఒక్కపొద్దు మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి బోనం లేస్తుంది. ముత్యమ్మ పొద్దున బస్సుకే పోవాల్సింది, కానీ నిన్నటి స్కాన్ సంగతి డాక్టరు చెప్పేదాకా కాలు కదల్లేదు. పొద్దున మహితే ఫోన్ చేసింది.

"అమ్మా, నువ్వు వస్తున్నవా లేదా? నాకు నెత్తి పగిలిపోతుందే. కండ్లు కూడ మసక మసక అయితున్నయ్."

"ఒక్కపొద్దుకు గట్లనే ఉంటది బిడ్డా. బోనం దించినంక ఇంత అన్నం తింటే అదే పోతది. నీళ్లు గిట్ల తాగకు, జెర ఓర్సుకో."

ఈ మాటలు ముత్యమ్మ చాలా మామూలుగా అంది. ఫోన్ పెట్టేసి, చీర కొంగు నడుములో బిగించుకుని, ఫ్లాస్కు మూత తిప్పింది.

డాక్టర్ కృష్ణప్రియ వచ్చేసరికి ఎండ కిటికీ దాటి మంచం మీదికి వచ్చేసింది. వాళ్ల నాన్న గోదావరి వైపు నుంచి ఇక్కడి పెద్ద ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి బీరంగూడలో స్థిరపడ్డాడు. ఈమె పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అయినా నోరు తెరిస్తే అమ్మానాన్నల యాసే వస్తుంది. రవళి కంట్లోకి లైటు వేసి చూసింది, ఎడమ చేతితో తన వేళ్లు పిసకమంది. తర్వాత దశరథ్‌ను వరండాలోకి పిలిచింది.

"నిన్నటి స్కాన్ చూశానండీ. గడ్డ తగ్గలేదు. ఇంకా పెరిగింది."

"ఇంజక్షన్లు ఇస్తనే ఉన్నరు గద మేడం?"

"ఇస్తున్నాం. రక్తం పల్చబడే మందు వేళకే పడుతోంది. అయినా పెరిగిందంటే ఎందుకో నాకు అర్థం కావడం లేదు. మళ్లీ అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. ఆమె ముందునుంచీ ఏవైనా మాత్రలు వాడేదా?"

"నెత్తి నొస్తుందని గోలీలు ఏసుకుంటుండె. గంతే మేడం."

"నెలసరి ఆగడానికి?"

దశరథ్ తల దించుకున్నాడు. ఫౌండ్రీలో ఎర్రగా కాలిన ఇనుము ముందు జంకని మనిషి, ఈ మాటకు మాత్రం నేల చూపులు చూశాడు.

"అవి ఆడోళ్ల ముచ్చట్లు మేడం. నాకెట్ల తెలుస్తయ్?"

కృష్ణప్రియకు కోపం వచ్చింది. నాకూ వచ్చింది. రవళి గర్భసంచిలో గడ్డలున్నాయని, నెలల తరబడి రక్తం పోతోందని, ఒంట్లో సగం రక్తం లేదని ఆస్పత్రిలో చేరిన రోజే పరీక్షల్లో తేలింది. ఒకే గదిలో, ఒకే దుప్పటి కింద పడుకునే భర్తకు ఆ సంగతి డాక్టరు చెబితే తెలిసింది. బైకు ఇంజన్ చప్పుడు కొంచెం మారితే చెవి ఒగ్గి వినేవాడు. భార్య మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుంటే ఓవర్ టైం అలసట అనుకున్నాడు.

"ఇంకొంచెం పాకితే చెయ్యీ కాలుతో ఆగదు దశరథ్ గారూ" అంది డాక్టరు. గొంతు తగ్గించింది. "మనిషి దక్కకపోవచ్చు. అందుకే ఇన్నిసార్లు అడుగుతున్నాను. ఇంట్లో వాళ్లను ఒకసారి కనుక్కోండి."

అతను లోపలికి వచ్చాడు. ఏం కనుక్కోవాలో, ఎలా అడగాలో తెలియలేదు. తల్లి గ్లాసులో జావ పోసి చల్లారుస్తోంది.

"ఏమన్నది డాక్టరమ్మ?"

"మంచిగ లేదంటున్నరే అమ్మా. గడ్డ పెరిగిందంట."

ముత్యమ్మ చప్పున మూలకేసి చూసింది. వెంటనే చూపు తిప్పుకుంది. "నువ్వు తాగిపియ్యి. నా చేతుల తాగుత లేదు. నీ చేతులనే గుటకేస్తది."

ఇది కొన్నాళ్లుగా నడుస్తున్న తంతు. శ్రీదివ్య మజ్జిగ పట్టిస్తే రవళి తాగుతుంది. నీళ్లు తాగుతుంది. అత్త ఫ్లాస్కులోంచి జావ గ్లాసు రాగానే పళ్లు బిగిస్తుంది. జబ్బు మనిషి మొండితనమని అందరూ అనుకున్నారు. అందుకే దశరథ్ ఒక చేత్తో దవడ పట్టుకుని, ఇంకో చేత్తో చెంచా లోపలికి తోసి, బతిమాలుతూ, కసురుతూ తాగించేవాడు.

"రవళీ, నోరు తెరువు. తినకుంటే ఎట్ల తాకత్ వస్తది? తెరువు."

"జరుగుండ్రి" అంది ఆమె, బిగించిన పళ్ల సందులోంచి.

"అందరు జరిగిండ్రు. ఎవ్వరు లేరు. ఇగో, నేనే ఉన్న."

దవడ నొక్కాడు. ఆమె కళ్లలో నీళ్లు ఉబికాయి. అప్పుడు ఆమె ఎడమ చెయ్యి లేచింది. గ్లాసును తోసేస్తుందని అతను వెనక్కి లాక్కున్నాడు. ఆ చెయ్యి గ్లాసు జోలికి పోలేదు. దాన్ని దాటుకుని పోయి, వంగి నిలబడ్డ ముత్యమ్మ చీర కొంగును పట్టుకుంది. నడుములోంచి లాగింది. కొంగు చివర ముడి ఉంది. ఆ ముడి మీద వేళ్లు బిగించింది.

"అయ్యో నా తల్లి" అంది ముత్యమ్మ. "ఊరికి పోవద్దంటుందిరా. నన్ను ఇడవలేకపోతుంది."

పక్క మంచం వాళ్లు కళ్లు తుడుచుకున్నారు. కానీ రవళి అత్త ముఖం చూడటం లేదు. ఆ ముడిని ఉన్న బలమంతా పెట్టి భర్త వైపు లాగుతోంది. లాగి, అతని చేతికి తాకించింది. అతను వదిలేస్తే మళ్లీ తాకించింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆమె చూపు ఆ మూల వదిలి అతని ముఖం మీదికి వచ్చింది.

"జరుగుండ్రి" అంది.

ఆ కళ్లలోని మాట అది కాదని దశరథ్‌కు అర్థమైంది. ఏమిటో మాత్రం అర్థం కాలేదు. వార్డు గుమ్మం దగ్గర వేరే రోగి కాగితం చూస్తున్న కృష్ణప్రియ తలెత్తింది. దగ్గరికి వచ్చింది.

"ఆ ముడిలో ఏముంది పెద్దమ్మా?"

"గుడి బండారి బిడ్డా. పసుపు, గంతే. ఇంకేముంటది?" ముత్యమ్మ కొంగు వెనక్కి లాక్కోబోయింది. రవళి వదల్లేదు. జబ్బుపడ్డ మనిషి ఎడమ చేతిలో అంత పట్టు ఎక్కడిదో నాకు తెలియదు.

"ఇప్పి సూపెట్టే అమ్మా" అన్నాడు దశరథ్.

"ఏం సూస్తవ్ రా, పసుపును."

"ఇప్పు."

ఆమె విప్పలేదు. అతనే విప్పాడు. కాగితంలో చుట్టిన బండారి రాలి దుప్పటి మీద పచ్చగా పడింది. నలిగిన బస్సు టికెట్టు పడింది. దాని వెనుక ఒక మాత్రల అట్ట. సగానికి పైగా ఖాళీ. ఇంకో చిన్న పొట్లంలో తెల్లటి పొడి.

కృష్ణప్రియ అట్టను తిప్పి పేరు చదివింది. జావ గ్లాసు అందుకుని కిటికీ వెలుగులో వంచి చూసింది. అడుగున తెల్లటి నలుసులు ఇంకా కరగలేదు. ఆమె గ్లాసును పక్క బల్ల మీద పెట్టిన తీరులోనే దశరథ్‌కు సగం అర్థమైంది.

"నెలసరి ఆపే మాత్ర" అంది. "ఇక్కడికి వచ్చాక కూడా ఇస్తున్నారా?"

ముత్యమ్మ ఏడవలేదు. కొంగు సరిచేసుకుని, దుప్పటి మీద పడ్డ పసుపును వేలితో కుప్ప చేస్తూ మొదలుపెట్టింది.

"మొదలు నేను ఇయ్యలే. అదే అడిగింది. నెలల సంది నెత్తురు ఆగుత లేదు అత్తమ్మా, కంపెనీల నిలబడ్డ కాడనే బట్టలు ఖరాబైతున్నయ్, సూపర్‌వైజర్ ముంగట సిగ్గుతోని సచ్చిపోతున్న అని ఏడ్సింది. మందుల షాపుల అడిగితే ఇచ్చిండ్రు. ఆగింది. దాని మొఖంల నవ్వు సూసిన నేను. తర్వాత నెత్తి నొస్తుంది, ఇగ వద్దన్నది. బోనం దించినంక బంద్ చెయ్యి బిడ్డా, నడుమల బంద్ చేస్తే మైల వస్తది అన్న. గీ ఒక్క మాటే నేను అన్నది."

"ఎవరు చెప్పారమ్మా ఇలా వాడమని?"

"చెప్పుడేంది డాక్టరమ్మా? వాడకట్టుల అందరు మింగుతరు. పెండ్లికి మింగుతరు, గుట్ట మీది గుడికి పోవాల్నన్న మింగుతరు, వ్రతానికి మింగుతరు. మీ దిక్కు మింగరా?"

కృష్ణప్రియ చూపు పక్కకు తిప్పుకుంది. వాళ్ల ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి ముందు అమ్మ తన చేతిలో పెట్టిన మాత్ర ఆమెకు గుర్తొచ్చిందేమో, తెలియదు.

"అది అప్పుడు" అన్నాడు దశరథ్. "ఇక్కడెందుకు ఇచ్చినవ్? మంచాన పడ్డదానికి, నోరు లేనిదానికి, జావల కలిపి ఎందుకు ఇచ్చినవ్?"

ముత్యమ్మ ఒక్కసారి ఆ మూలకేసి చూసింది.

"ఈడికొచ్చినంక సూదులు ఏసిండ్రు. మళ్ల మొదలైంది. మంచం నిండ నెత్తురు. నువ్వు బయట ఉన్నవ్, నేను సూసిన. గప్పుడే ఇది జరుగుండ్రి, జరుగుండ్రి అని గా మూలకు మొక్కుతున్నది. ఎవరు నిలబడ్డరో నాకు ఎరుక కాదా? అమ్మ నిలబడ్డది. ఎర్రగ సూస్తున్నది. పోయిన ఆదివారం కుండ పగిలిన కాడి నుంచి దీని ఎంబడే వచ్చింది. నెత్తురు కాడ అమ్మ ఎట్ల చల్లబడుతది? మైల ఆగితే అమ్మ మర్లిపోతది, నా కోడలు లేచి కూసుంటది అనుకున్న. దానికి నేను పగదాన్నా? దాన్ని బతికించుకుందామనే ఇచ్చిన."

"నా చేతులతోని తాగిపించినవ్" అన్నాడు అతను. "దవడ నొక్కి. అది వద్దు వద్దని పండ్లు కరుసుకుంటే, నా చేతులతోని."

అన్నాక తన రెండు చేతులూ చూసుకున్నాడు. ఎక్కడ పెట్టాలో తెలియక ప్యాంటు జేబుల్లో దూర్చుకున్నాడు. మంచం మీద రవళి కళ్లు మూసుకుంది. రోజూ ఆ ముడి విప్పడం చూస్తూ పడుకున్న ఆమె, చెప్పాల్సింది చెప్పేసిన మనిషిలా, బిగించిన ఎడమ పిడికిలి వదులు చేసింది.

కృష్ణప్రియ మొదట అరవాలనుకుంది. ముసలామె వేళ్లు పసుపు కుప్ప చుట్టూ తిరుగుతూనే ఉండటం చూసి మానుకుంది. మూలన ఉన్న స్టూలు తెచ్చుకుని ఆమె ఎదురుగా కూర్చుంది. డాక్టరు ఆ మూలలోకి చెయ్యి పెట్టినప్పుడు పక్క మంచం వాళ్లు ఇంకొంచెం వెనక్కి జరిగారు.

"పెద్దమ్మా, వినండి. మెదడులోకి రక్తం పోయే దారులున్నట్టే, బయటికి వచ్చే దారులూ ఉంటాయి. రవళికి ఆ బయటికి వచ్చే దారిలో రక్తం పెరుగులా తోడుకుంది. ఈ మాత్ర అందరికీ ఇలా చేస్తుందని నేననను. చాలామందికి ఏమీ కాదు. కానీ రవళి ఒంట్లో రక్తం లేదు. పండుగ రోజు నీళ్లు ముట్టకుండా ఎండలో ఉంది. తలనొప్పి వస్తున్నా మాత్ర మానలేదు. అన్నీ ఒకచోట కలిశాయి. మేము ఒకవైపు గడ్డ కరగడానికి మందు ఇస్తున్నాం, ఇంకోవైపు మీరు..." అక్కడ ఆపేసింది. "రక్తం పోవడం మైల కాదమ్మా, జబ్బు. ఆ గర్భసంచి గడ్డల సంగతి మేం చూసుకుంటాం. ఇక ఒక్క మాత్ర కూడా ఇవ్వకండి."

"మరి శిగం?"

"అది మూర్ఛ. శిగం ఊగేవాళ్లను నేనూ చూశాను, బీరంగూడలోనే పెరిగాను కదా. వాళ్లు ఒళ్లంతా ఊగుతారు, అడిగినదానికి మాట చెబుతారు. రవళికి కుడి చెయ్యి ఒక్కటే కొట్టుకుంది. కళ్లు తేలేసింది. పలకలేదు. అది చూడగానే ఆస్పత్రికి తేవాల్సింది."

"గా మూలకెందుకు సూస్తది మరి?"

"దెబ్బ తిన్న మెదడు కళ్లను అటువైపు లాగుతోంది. అక్కడ ఎవరూ లేరు."

ముత్యమ్మ మళ్లీ ఆ మూలకేసి చూసింది. స్టూలు కూడా లేకపోయేసరికి అక్కడ ఇంకా ఖాళీగా ఉంది.

"దానికంటే దెబ్బ తగిలింది బిడ్డా" అంది నెమ్మదిగా. "నాకెందుకు కనవడుతుంది మరి?"

చేసిన పని మనిషిని వదలకుండా ఎదురుగా నిలబడుతుందని నాకు తెలుసు. ఏ రూపంలో నిలబడుతుందో మాత్రం ఎవరిది వాళ్లకే తెలియాలి.

డాక్టరు లేచింది. అట్టను కోటు జేబులో వేసుకుంది. రవళికి ఏ మందులు మార్చాలో శ్రీదివ్యకు చెబుతూ, ఊరికే అడిగినట్టు వెనక్కి తిరిగింది.

"ఇదొక్కటేనా పెద్దమ్మా? ఇంట్లో ఇంకా ఉంటే దశరథ్ గారికి ఇచ్చేయండి."

ముత్యమ్మ వేలు పసుపు మీద ఆగిపోయింది.

"రెండు తెచ్చిన" అంది.

"రెండోది ఎక్కడుంది?"

"మయిత కాడ. నా బిడ్డ కాడ. ఇయ్యాల బోనం అదే ఎత్తుతుంది గద. నడుమల నెల వస్తే మళ్ల లోపమైతదని..." మాట సాగలేదు. తనంతట తనే మళ్లీ అంది. "అది ముందుగాలనే వేరే గోలీలు మింగుతది. పిల్లలు అయితలేరని. అండంల నీటిబుడగలు ఉన్నయని డాక్టర్ రాసిచ్చింది, నెల సక్కగ రావాలని."

"అవి వాడుతూనే, వీటిని కూడా వేసుకుంటోందా?"

ముత్యమ్మ తలూపింది.

"తలనొప్పి ఉందని ఏమైనా అన్నదా?"

ముత్యమ్మ నోరు తెరిచింది. పొద్దున ఫోన్‌లో కూతురికి తను చెప్పిన మాట ఆమెకు తిరిగి వినపడుతోంది. నీళ్లు గిట్ల తాగకు, జెర ఓర్సుకో. ఆమె తన ఫోన్ తీసి కొడుకు చేతిలో పెట్టింది. ఇంక జవాబు అక్కర్లేకపోయింది.

"ఫోన్ చేయండి" అంది కృష్ణప్రియ దశరథ్‌తో. "వెంటనే. బోనం ఎత్తొద్దనండి. నీళ్లు తాగించి కారెక్కించమనండి."

మహిత ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. రెండోసారీ అంతే. దశరథ్ తండ్రికి చేశాడు. చిన్నరాములు ఫోన్ ఎత్తగానే డప్పుల మోత వార్డులోకి దూకింది. ముసలాయన గొంతు ఆ మోత మీదుగా, అరుస్తూ, సంబరంగా వచ్చింది. వినపడటం కోసం దశరథ్ స్పీకర్ పెట్టాడు.

"దశరథూ, నువ్వు ఉండాల్సిందిరా. ఎంత అదృష్టమో సూడు."

"బాపూ, మయితకు ఫోన్ ఇయ్యి. జల్దీ."

"మయిత యాడిదిరా ఇప్పుడు. అమ్మ వచ్చింది. బోనం ఎత్తుకుని గడప దాటలేదు, వాకిట్లనే అమ్మ దిగింది. శిగం ఊగుతున్నది. ఊరంత వచ్చి మొక్కుతున్నరు. పోయిన వారం లోపం ఇయ్యాల తీరిందిరా కొడుకా."

దశరథ్ డాక్టరు ముఖం చూశాడు. ఆమె తన కుడి చెయ్యి ఎత్తి, దాన్ని రెండో చేత్తో పట్టుకుని చూపించింది. అడగమంది.

"బాపూ, ఏ చెయ్యి ఊగుతుంది?"

"ఏంది?"

"ఒక్క చెయ్యా, రెండు చేతులా? జెర సూసి చెప్పు బాపూ."

డప్పుల చప్పుడు తప్ప కొంతసేపు ఏమీ లేదు. ముసలాయన మడమలెత్తి గుంపు మీదుగా చూస్తున్నట్టున్నాడు.

"కుడి చెయ్యి" అన్నాడు. "ఒక్క కుడి చెయ్యే ఎగురుతుంది. వేపకొమ్మ అడుగుతున్నట్టుంది, తెచ్చి ఇస్తున్నరు. ఏం లోపం తల్లీ అంటే మాట చెప్త లేదు. బాగ కోపం మీద ఉన్నది అమ్మ."

"డప్పులు ఆపుమను బాపూ. అది అమ్మ కాదు. మయితను పండవెట్టుండ్రి, బండి తెప్పియ్యి. బాపూ, డప్పులు..."

ఎవరో చిన్నరాములును పిలిచారు. ఆయన ఫోన్ ఆపకుండానే జేబులో వేసుకున్నాడు. గుడ్డ రాపిడి, దాని వెనుక ఇంకా పెరుగుతున్న డప్పులు, ఆడవాళ్ల గొంతులు. దశరథ్ అరుస్తూనే ఉన్నాడు. అంత దూరంలో, ఒక ముసలాయన జేబులో, ఆ అరుపు ఎవరికి వినపడుతుంది?

మంచం మీద రవళి కళ్లు తెరిచింది. మూలకేసి చూడలేదు. భర్త చేతిలోని ఫోన్‌కేసి చూసింది. ఎడమ మోచేయి పరుపు మీద ఆనించి, మెడ నరాలు ఉబ్బేలా తల పైకెత్తి, ఆ గుంపుకంతా వినపడాలన్నట్టు, తన దగ్గర మిగిలిన ఆ ఒక్క మాటనే గట్టిగా అంది.

"జరుగుండ్రి."